శేషాచలం పరిశోధనకు కుటుంబ నిధి: కోటి రూపాయలు ఎన్నాళ్లొస్తాయి?

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్సు విద్యకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ రెండూ ఉన్నాయి. రెండూ 2015లో మొదలైనవే. పడమటికి తిరిగితే శేషాచలం కొండలు. ఇంజినీరింగ్ చదువుకూ అడవి పరిశోధనకూ కలిపి ఒక కుటుంబం డబ్బివ్వాలనుకుంటే ఇంత అనువైన చోటు దొరకడం కష్టం. కానీ దాతల డబ్బు ఎక్కువగా భవనాలకే పోతుంది. దీనికి దాతలను నిందించి లాభం లేదు, సగం తప్పు ట్రస్టు దస్తావేజుది, పన్ను చట్టానిది.

ఈ తరహా దానానికి పాత ఉదాహరణ బెంగళూరులో ఉంది. తన ఆస్తిలో సగం, అప్పటి లెక్కలో 30 లక్షల రూపాయల విలువైనది, సైన్సు విద్యాసంస్థకు (నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఇస్తానని జంషెట్‌జీ టాటా 1898లో ముందుకొచ్చారు. 1904లో ఆయన పోయారు. కొడుకులు మాట తప్పలేదు. మైసూరు సంస్థానం 371 ఎకరాలిచ్చింది. 1909లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చి, 1911లో తరగతులు మొదలయ్యాయి. మొదటి విభాగాల్లో ఎలక్ట్రికల్ టెక్నాలజీ ఒకటి. కుటుంబం ఇచ్చింది కట్టి రిబ్బన్ కత్తిరించే హాలు కాదు, ఏటేటా రాబడి వచ్చే ఆస్తి. అదే సంస్థలో 1980ల్లో జీవావరణ శాస్త్ర కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం వాళ్లు 1988లో తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్లు కొలిచి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ నంబరు వేశారు. ఆ చెట్ల లెక్క దశాబ్దాల పాటు సాగుతూ వచ్చింది.

తిరుపతి సంగతి వేరు. ఇక్కడ చదువుకు పెద్ద దాత వేంకటేశ్వరుడే. దేవస్థానం 1945లో ఆర్ట్స్ కళాశాల పెట్టింది. 1954లో విశ్వవిద్యాలయం, 1959లో దాని ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి. ఆ తర్వాత కుటుంబ ట్రస్టుల కళాశాలల కాలం. సీటు కోసం అసలు ఫీజు మీద అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం 1983లోనే చట్టం చేసిందంటే ఆ ఊపు ఎలాంటిదో తెలుస్తుంది. ఫీజులతో కళాశాల నడిపే ట్రస్టు వేరు, సొంత డబ్బు ఇచ్చే ట్రస్టు వేరు. మనవాళ్లు రెండింటినీ ఒకే గాట కడతారు.

అడవి వైపు 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు వచ్చాయి. రిజర్వు విస్తీర్ణం దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ మాత్రమే. ఈ చెట్టు ఎదుగుదల తెలియాలంటే హెక్టారు ప్లాటు గీసి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసి, నంబరున్న అల్యూమినియం బిళ్ల కొట్టాలి. మేకు సరిగ్గా కొలిచే చోటే కొడితే బెరడు ఉబ్బి, మరుసటిసారి లెక్క తప్పుతుంది. అందుకే బిళ్లను ఒక అడుగు పైన కొడతారు. అసలు చిక్కు ఇంకోటి. ఈ చెట్టు చాలా నిదానంగా లావెక్కుతుంది. మూడేళ్లలో పెరిగేదీ, టేపు కాస్త వాలుగా పడితే వచ్చే తేడా దాదాపు ఒకటే. అంటే మూడేళ్ల నిధితో చేసిన కొలత కొలతే కాదు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హత ఉన్న కంపెనీ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. కొనసాగే ప్రాజెక్టుకైనా మొదలైన ఏడాది పోను మూడేళ్లే గడువు. పైగా డబ్బు ఏ జూన్‌లోనో జూలైలోనో చేతికి రావచ్చు. ఎర్రచందనం పూసేది వేసవిలో, అప్పటికి ఆ ఏడాది పూత అయిపోతుంది. అభయారణ్యంలో అడుగు పెట్టడానికి వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఆ దరఖాస్తు నిధి వచ్చాక పెడితే మొదటి సీజను పోయినట్టే. ముందే పెట్టాలి.

కాబట్టి కుటుంబం చేయగలిగింది మూలనిధి, అంటే అసలు ముట్టకుండా వడ్డీతో నడిపే నిధి. ఒక కోటి వేశారనుకుందాం. 7 శాతం వడ్డీకి ఏడాదికి 7 లక్షలు వస్తుంది. 2023 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలో (పరిశోధక విద్యార్థి) భృతి నెలకు 37,000, అంటే ఏడాదికి 4.44 లక్షలు, ఇంటి అద్దె కాక. మిగిలినది జీపు డీజిలుకూ, దారి చూపే స్థానికుడి కూలికీ సరి. ఒక కోటి, ఒక్క విద్యార్థి! తర్వాత ధరలు పెరుగుతాయి. పన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టు రాబడిలో 85 శాతం ఖర్చు చూపాలి. ఊరికే దాచుకోగలిగేది 15 శాతం, ఈ లెక్కలో 1.05 లక్షలు. ధరలు 5 శాతం పెరిగితే కోటి విలువ నిలబడడానికి ఏటా 5 లక్షలు కలవాలి. అందుకే కుటుంబం ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకుంటే పదిహేనేళ్లకు నిధి విలువ దాదాపు సగం పలచబడుతుంది. ఏటా కొంత మూలనిధికే కలుపుతూ, 'ఇది మూలనిధికే' అని లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఆ లేఖ లేకపోతే అదీ ఖర్చు పెట్టాల్సిన రాబడి కిందికే పోతుంది.

చదువూ అడవీ నిజంగా కలిసే చోటు పలమనేరు, కుప్పం. 1980ల్లో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు దిగాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వాటిని ఆపడానికి వేసే సోలార్ కంచె సెకనుకో కొంచెం అటూ ఇటుగానో ఒకసారి, కొన్ని వేల వోల్టుల దెబ్బ కొడుతుంది. వానాకాలం తీగలు పాకితే కరెంటు నేలకు జారుతుంది. ఎండాకాలం మట్టి ఎండి ఎర్తింగ్ పనిచేయదు. ఎర్త్ కడ్డీలు మూడు నాలుగు దూరదూరంగా దిగేసి తడిపితే కొంత నయం. ఏనుగేమో దంతంతో తీగ లాగుతుంది, లేదా చెట్టును కంచె మీదికి తోస్తుంది. దంతానికి షాక్ తగలదని అది ఎప్పుడో కనిపెట్టింది. ఎలక్ట్రికల్ విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండదు. కానీ కంచె వేయడానికి దొరికినంత సులువుగా అది ఎక్కడ, ఎందుకు తెగిందో నెలనెలా రాసే మనిషి జీతానికి డబ్బు దొరకదు.

దస్తావేజు దగ్గరికొస్తే, పాత కుటుంబ ట్రస్టుల ఉద్దేశాల్లో విద్య, వైద్యం, పేదల సహాయం ఉంటాయి. అడవులు, వన్యప్రాణులు సహా పర్యావరణ పరిరక్షణను ఆదాయపు పన్ను చట్టం ధర్మకార్యాల జాబితాలో విడిగా చేర్చింది 2009లోనే. పాత పత్రంతో విశ్వవిద్యాలయానికి ఫెలోషిప్పు ఇస్తే అది విద్య కిందికి వస్తుంది. జంతువు కదిలితే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు నేరుగా కొని అడవిలో పెడితే ఆడిటరు అభ్యంతరం చెప్పవచ్చు. దస్తావేజులో వీలుంటేనో, కోర్టు అనుమతిస్తేనో ఉద్దేశాలు మార్చుకోవచ్చు, అయితే మార్చిన 30 రోజుల్లో పన్ను శాఖలో మళ్లీ రిజిస్ట్రేషనుకు దరఖాస్తు చేయాలి.