పలచటి గాలిలో టుపోలెవ్‌లు

1958 అక్టోబర్ 17న బీజింగ్ నుంచి వస్తున్న సోవియట్ టుపోలెవ్-104 జెట్ విమానం మాస్కోలో దిగలేకపోయింది. అక్కడ వాతావరణం బాగాలేదు. గోర్కీ నగరంలో దిగుదామంటే అక్కడా అదే పరిస్థితి. చివరికి వెనక్కి తిరిగి ఉరల్ ప్రాంతంలోని స్వెర్ద్‌లోవ్‌స్క్ వెళ్లమన్నారు. చువాషియాలోని కనాష్ పట్టణం దగ్గర, దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుండగా, కింద నుంచి లేచిన బలమైన గాలి ప్రవాహం విమానాన్ని ఒక్కసారిగా ఎత్తి పైకి విసిరేసింది. ముక్కు ఆకాశం వైపు లేచింది, వేగం పడిపోయింది, ఆ తర్వాత విమానం దాదాపు నిట్టనిలువుగా నేల మీదికి దూకింది. అందులో ఉన్న 80 మందీ చనిపోయారు. చైనా సాంస్కృతిక శాఖ ఉపమంత్రి, సాహిత్య చరిత్రకారుడు జెంగ్ జెన్‌దువో వారిలో ఒకరు.

ఆ విమానం కెప్టెన్ పేరు గరోల్డ్ కుజ్నెత్సోవ్. ఇక బతకమని అర్థమైన ఆ కొద్దిసేపట్లో ఆయన, ఆయన సిబ్బంది రేడియోలో ఒక పని చేశారు. విమానానికి ఏం జరుగుతోందో, ఏ పరిస్థితిలో ఎలా ప్రవర్తిస్తోందో వరసగా కిందికి చెబుతూ పోయారు. చివర్లో వీడ్కోలు చెప్పారు. విమాన ప్రమాదాల చరిత్రలో ఇంతకంటే గొప్ప సాక్ష్యం నాకు తెలియదు. ఎందుకంటే అంతకు దాదాపు రెండు నెలల ముందు, ఆగస్టు 15న, ఖబరోవ్‌స్క్ నుంచి బయలుదేరిన ఇంకో టుపోలెవ్-104 దూర ప్రాచ్యంలో మేఘాల మధ్య ఇలాగే కూలి 64 మంది పోయారు. అది ఎందుకు పడిందో అప్పుడు ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. కుజ్నెత్సోవ్ మాటలతో రెండు ప్రమాదాలకూ సమాధానం దొరికింది.

ఆ సమాధానం అర్థం కావాలంటే, అంత ఎత్తులో గాలి ఎలా ఉంటుందో చూడాలి. సముద్ర మట్టం దగ్గర ఉండే గాలి సాంద్రతలో 11 కిలోమీటర్ల ఎత్తున మిగిలేది దాదాపు 30 శాతమే. విమానాన్ని మోసేది రెక్కల మీదుగా పారే గాలే కాబట్టి, అది పలచబడితే అదే బరువును మోయడానికి ఇంకా వేగంగా వెళ్లాలి, లేదా ముక్కు కొంచెం పైకెత్తి రెక్క గాలిని ఎదుర్కొనే కోణం పెంచాలి. కోణం పెంచడానికి ఒక హద్దు ఉంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారదు, విడిపోయి సుడులు తిరుగుతుంది. రెక్క మోయడం మానేస్తుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజిన్లు ఆగిపోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇంజిన్లన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా స్టాల్ కావచ్చు.

వేగం పెంచుకుంటే సరిపోదా అంటే, అక్కడా ఒక గోడ ఉంది. పైకి పోయే కొద్దీ చలి పెరుగుతుంది, చలి పెరిగే కొద్దీ ధ్వని వేగం తగ్గుతుంది. ఆ వేగానికి మరీ దగ్గరగా వెళ్తే రెక్కల మీద షాక్ తరంగాలు పుట్టి విమానం అదరడం, అదుపు తప్పడం మొదలవుతుంది. అంటే ఎత్తు పెరిగే కొద్దీ అతి తక్కువ వేగానికీ అతి ఎక్కువ వేగానికీ మధ్య దూరం కుంచించుకుపోతుంది. విమానం బరువుగా ఉంటే ఆ సందు ఇంకా ఇరుకు. ఇంత ఇరుకులో ఎగురుతున్నప్పుడు కింద నుంచి గాలి తన్నిందంటే, పైలట్ ఏమీ చేయకుండానే రెక్క కోణం హద్దు దాటేస్తుంది. టుపోలెవ్-104 లాంటి వెనక్కి వాలిన రెక్కల్లో చివర్లు ముందు స్టాల్ అవుతాయి. దాంతో ముక్కు కిందికి దిగాల్సింది పోయి ఇంకా పైకి లేస్తుంది.

ఈ విమానం టుపోలెవ్-16 అనే బాంబర్ నుంచి పుట్టింది. 1956 సెప్టెంబర్‌లో ప్రయాణికులతో మాస్కో, ఇర్కుట్‌స్క్ మధ్య తిరగడం మొదలుపెట్టింది. బ్రిటన్ తన కామెట్ జెట్ విమానాలను పక్కనపెట్టిన ఆ రెండేళ్లలో ప్రపంచం మొత్తం మీద నడుస్తున్న జెట్ ప్రయాణికుల విమానం ఇదొక్కటే. పిస్టన్ ఇంజిన్ల విమానాలు మేఘాల కింద, మధ్యలో నానా తిప్పలు పడుతూ వెళ్లేవి. జెట్ వాటి పైనుంచి హాయిగా వెళ్తుందని అందరూ నమ్మారు. పైన కూడా అంత బలమైన నిలువు గాలులు ఉంటాయని అనుభవం మీద తెలుసుకున్న మొదటివాళ్లలో ఈ సోవియట్ పైలట్లున్నారు. కనాష్ తర్వాత ఇంజనీర్లు వేగంగా కదిలారు. తోక మీది అడ్డరెక్కను బిగించే కోణం మార్చారు, ముక్కు దించడానికి పనికొచ్చే ఎలివేటర్ (ఆ అడ్డరెక్క వెనకంచున కదిలే పలక) కదలిక పెంచారు, ఎంత ఎత్తు వరకు ఎగరవచ్చో ఆ పరిమితి తగ్గించారు.

లోపం లోహంలో ఉంటే సోవియట్ నిపుణులు దాన్ని పట్టుకోవడంలో ఎవరికీ తీసిపోరు. 1982 జూన్‌లో బెలారుస్‌లోని మజీర్ దగ్గర యాక్-42 విమానం కూలి 132 మంది చనిపోతే, తోకను కదిపే స్క్రూ యంత్రాంగం అరిగి విరిగిందని తేల్చి, ఆ రకం విమానాలన్నింటినీ దాదాపు రెండేళ్లు ఆపేసి మరీ సరిచేశారు. లోపం మనిషి అలసటలోనో, శిక్షణలోనో ఉన్నప్పుడే కథ వేరుగా నడిచింది.

1985 జూలై 10. ఉజ్బెకిస్తాన్‌లోని కర్షి నుంచి ఊఫా మీదుగా లెనిన్‌గ్రాడ్ వెళ్లాల్సిన టుపోలెవ్-154. మూడు ఇంజిన్లూ వెనక, తోక పైన అడ్డంగా ఇంకో రెక్క ఉండే విమానం అది. మనవాళ్లకు ఈ రకం కొత్తేమీ కాదు. 1993 జనవరిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉజ్బెకిస్తాన్ నుంచి అద్దెకు తెచ్చిన టుపోలెవ్-154 ఒకటి హైదరాబాద్ బేగంపేట నుంచి వెళ్లి ఢిల్లీలో పొగమంచులో దిగుతూ తలకిందులై కాలిపోయింది. అందులోని 165 మందీ బతికి బయటపడ్డారు. కర్షి విమానంలోని వాళ్లకు ఆ అదృష్టం లేదు.

ఆ రాత్రి విమానం నిండా జనం, నిండా ఇంధనం. బయట ఆ ఎత్తులో ఉండాల్సిన దానికంటే వేడి ఎక్కువ. వేడి గాలి మరింత పలచన, పైగా ఇంజిన్ల శక్తినీ తగ్గిస్తుంది. అలాంటి స్థితిలో 11,600 మీటర్లకు ఎక్కి, గంటకు 400 కిలోమీటర్లు చూపిస్తున్న వేగంతో ఎగురుతున్నారు. ఆ బరువుకు ఆ ఎత్తున అది చాలా తక్కువ. విమానం అదరడం మొదలైంది. రెక్కల మీద గాలి విడిపోతోందని చెప్పే అదురు అది. సిబ్బంది మాత్రం ఇంజిన్లో గాలి ప్రవాహం తేడా కొడుతోందని అనుకున్నారు. ఇంజిన్లో అలాంటి సమస్య వస్తే శక్తి తగ్గించాలి. తగ్గించారు. వేగం 290కి పడిపోయింది. విమానం స్టాల్ అయి, ముక్కూ తోకా ఒకే మట్టంలో ఉండి తిరగలి రాయిలా చుట్టూ తిరుగుతూ కిందికి జారిపోయింది. ఉచ్‌కుదూక్ దగ్గర ఎడారిలో పడింది. 200 మంది. సోవియట్ విమానయాన చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

ఇలా చుట్టూ తిరుగుతూ పడే స్థితి నుంచి ఈ ఆకారపు విమానం బయటపడటం చాలా కష్టం. స్టాల్ అయిన రెక్కల నుంచి వచ్చే చెదిరిన గాలి వెనక ఎత్తుగా ఉన్న తోకను, ఇంజిన్లను కమ్మేస్తుంది. తోకకు పట్టు దొరకదు, ఇంజిన్లకు సరైన గాలి అందదు. ఇది ఒక్క టుపోలెవ్ సమస్య కాదు. తోక పైన అడ్డరెక్క ఉన్న బ్రిటిష్ విమానం బీఏసీ వన్-ఇలెవన్ 1963లో పరీక్షల్లో ఇలాంటి స్టాల్‌లోనే చిక్కుకుని కూలింది. ఏడుగురు పోయారు.

దర్యాప్తు సిబ్బంది తప్పిదాన్ని రాసింది, పక్కనే అలసటనూ రాసింది. ఆ పైలట్లు అంతకు ముందు దాదాపు ఒక రోజంతా సరైన విశ్రాంతి లేకుండా విమానాశ్రయాల్లోనే గడిపారు. నిద్ర లేని మెదడు కొత్త సమస్యను కొత్తగా చూడదు, తనకు అలవాటైన జవాబును అతికిస్తుంది. అదురు రాగానే ఇంజిన్ మీద అనుమానం రావడం అలాంటిదేనని నా అభిప్రాయం. ఇందుకు తొమ్మిది నెలల ముందే సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో దీని హెచ్చరిక వచ్చింది. 1984 అక్టోబర్ 11న తెల్లవారకముందు, తడిసిన రన్‌వేను ఆరబెట్టడానికి వాహనాలను అనుమతించిన విమానాశ్రయ కంట్రోలర్ డ్యూటీలోనే నిద్రలోకి జారిపోయాడు. దిగుతున్న టుపోలెవ్-154 ఆ వాహనాలను గుద్దుకుంది. నేల మీదున్న నలుగురితో కలిపి 178 మంది చనిపోయారు. అలసిన మనిషి ఒక్కడు నిద్రపోతే ఆపడానికి ఇంకో అడ్డు లేకపోవడం కేవలం ఆ మనిషి తప్పెలా అవుతుంది? జైలు శిక్ష మాత్రం మనుషులకే పడింది. ఇలాంటి వార్తలు అప్పటి సోవియట్ పత్రికల్లో దాదాపు కనిపించేవి కావు. చనిపోయినవాళ్లలో విదేశీయులు ఉంటేనో, బాగా పేరున్నవాళ్లు ఉంటేనో తప్ప. దాచడం వల్ల ఏ కుటుంబానికీ దుఃఖం తగ్గలేదు. నిద్ర గురించి, డ్యూటీ గంటల గురించి బహిరంగంగా జరగాల్సిన చర్చ మాత్రం జరగలేదు. ఈ విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

సోవియట్ యూనియన్ పోయాక కూడా ఆ ఎత్తు తన పని తను చేసింది. 2006 ఆగస్టు 22న అనాపా నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్తున్న పుల్కోవో సంస్థ టుపోలెవ్-154, ఉక్రెయిన్‌లో దోనెత్స్క్ దగ్గర ఉరుములతో నిండిన మేఘాన్ని పైనుంచి దాటాలని చూసింది. ఆ మేఘం విమానం చేరగలిగిన ఎత్తుకంటే చాలా పైదాకా ఉంది. 1958లో లాగే గాలి తన్నింది, ముక్కు లేచింది. 1985లో లాగే చుట్టూ తిరుగుతూ పడింది. 170 మంది. సిబ్బంది వేగాన్ని సరిగ్గా గమనించలేదని దర్యాప్తు చెప్పింది.

2009లో ఎయిర్ ఫ్రాన్స్ ఎయిర్‌బస్ ఒకటి అట్లాంటిక్ మీద, వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయిన తర్వాత, స్టాల్‌లోకి వెళ్లి 228 మందితో సముద్రంలో పడింది. సోవియట్ విమానమూ కాదు, సోవియట్ శిక్షణా కాదు. ఈసారి దర్యాప్తు నివేదిక అందరి చేతికీ అందింది, దాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2014లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదుపు తప్పిన విమానాన్ని దారికి తెచ్చే శిక్షణ మీద ప్రత్యేకంగా ఒక మాన్యువల్ వెలువరించింది. అమెరికాలో 2019 నుంచి ఎయిర్‌లైన్ పైలట్లు సిమ్యులేటర్లో పూర్తి స్టాల్‌లోకి వెళ్లి బయటపడటం తప్పనిసరిగా సాధన చేయాలి. ఆ సాధనలో మొదటి పాఠం ఒకటే. విమానం పడిపోతున్నప్పుడు చేతులు కంట్రోల్ కాలమ్‌ను (ముక్కును ఎత్తి దించే పిడిని) వెనక్కి లాగమంటాయి. లాగకూడదు. ముందుకు తోసి, ముక్కు దించి, ఎత్తును వదులుకుని వేగాన్ని తెచ్చుకోవాలి.