అంకెలు శబ్దమయ్యే చోటు

ఇంట్లో పాత ఆంప్లిఫయరూ మంచి స్పీకర్ల జతా ఉన్నవాళ్లు వాటికొక మ్యూజిక్ స్ట్రీమర్, అంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే పెట్టె, జోడించాలనుకున్నప్పుడు ముందుగా అడిగేది, ఏ పెట్టె కొంటే పాట బాగా వినిపిస్తుందని. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే పాట ఎంతదాకా అంకెల వరుసగా ప్రయాణిస్తుందో, ఎక్కడ కరెంటుగా మారుతుందో తెలియాలి. ఆ మారే చోటికి ముందు జరిగేదంతా ఒక లెక్క, ఆ తర్వాత జరిగేది వేరే లెక్క.

సీడీ నాణ్యతలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాసుకుంటారు. కుడి, ఎడమ చానెళ్లు రెండూ కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు అవుతాయి. ఏ సమాచారమూ పోకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో ఇది ఇంచుమించు సగానికి తగ్గుతుంది కాబట్టి, జిల్లా కేంద్రాల్లో ఇళ్లకు వస్తున్న ఫైబర్ ఇంటర్నెట్‌కు ఈ బరువు ఒక లెక్కలోది కాదు. దారిలో ఏదైనా ముక్క తప్పిపోతే నెట్‌వర్క్ దాన్ని మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. వచ్చిన ముక్కలను స్ట్రీమర్ కొన్ని సెకన్లపాటు నిల్వ పెట్టుకుని, తన గడియారం ప్రకారం వరుసగా వదులుతుంది. అందువల్ల వైఫై బలహీనపడితే పాట ఆగుతుంది, లేదా పాటలు అందించే ఆన్‌లైన్ సర్వీసే తక్కువ నాణ్యత గల ప్రతిని పంపుతుంది. అంతే తప్ప గాయకుడి గొంతులో మెరుపు కొంచెం కొంచెంగా తగ్గడమన్నది జరగదు.

మన పక్క పాత ఇళ్ల రాతి గోడలు వైఫైకి సులభంగా లొంగవు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల కంటే గోడలో ఎక్కువగా శోషణమవుతాయి. రౌటర్ ముందు గదిలో, స్పీకర్లు లోపలి గదిలో ఉంటే లాన్ కేబుల్ పెట్టుకునే వీలున్న స్ట్రీమరే కొనడం మంచిది. బ్లూటూత్ మాత్రమే ఉన్న పెట్టెను నేను స్ట్రీమర్‌గా లెక్కించను. ఫోను పాటను మరోసారి కుదించి పంపుతుంది, ఫోన్ కాల్ వస్తే సంగీతం ఆగిపోతుంది. అసలైన స్ట్రీమర్ పాటను తానే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోను రిమోట్‌గా మాత్రమే పనిచేస్తుంది.

డబ్బా మీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 కొలతలు) అని పెద్ద అక్షరాల్లో ఉంటే దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఒక తరంగాన్ని పూర్తిగా తిరిగి నిర్మించాలంటే, అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలునని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రంలో గణితపరంగా చూపించాడు. ఆరోగ్యవంతమైన యువకుల చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, వయసుతో ఆ హద్దు తగ్గుతుంది. 44,100 కొలతలు అందుకు సరిపోతాయి. 16 బిట్లతో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడా పలుకుతుంది. వీధిలో ఆటోలు తిరిగే ఇంట్లో అంత తేడా వినడమే కష్టం. 24 బిట్ల అవసరం నిజంగా ఉండేది రికార్డింగ్ స్టూడియోలో.

అంకెలు వోల్టేజీగా మారే చోటు డాక్ (DAC) అనే భాగం. ఇక్కడి నుంచి ప్రతి తీగా శబ్దాన్ని ముట్టుకుంటుంది. మా ఇంట్లో స్ట్రీమర్ పెట్టిన మొదటి వారం పాట లేనప్పుడు కూడా స్పీకర్లలో తుమ్మెద రొదలాంటి మోత వినిపించింది. నేను స్ట్రీమర్‌నే అనుమానించి దాని తీగ పీకేశాను, మోత పోలేదు. టీవీ సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ తీగను విప్పగానే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆంప్లిఫయర్‌కు ఇంటి ఎర్త్ ఉంది, బయటి స్తంభం నుంచి వచ్చిన కేబుల్ లోహపు పైతొడుగు మరెక్కడో నేలను తాకుతోంది. రెండు నేలల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజీ తేడా వల్ల టీవీని ఆంప్లిఫయర్‌కు కలిపిన ఆడియో తీగ తొడుగులో 50 హెర్ట్జ్ కరెంటు ప్రవహించింది, ఆంప్లిఫయర్ దాన్ని కూడా పాటలాగే పెంచి వినిపించింది.

పిలిపించిన ఎలక్ట్రీషియన్ ముందుగా అడిగింది, "ఎర్త్ గుంతల నీళ్లు పోస్తున్నరా సార్?" అని. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గుంత మన ఎండలకు పూర్తిగా ఎండిపోతే మట్టి నిరోధం పెరుగుతుంది. అది మోత కంటే ముందు ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేయడం ఎన్నడూ చేయకూడదు. టీవీని చిన్న డాక్ ద్వారా ఆప్టికల్ కేబుల్‌తో కలిపాం. అందులో వెళ్లేది వెలుగు, రెండు పరికరాల మధ్య లోహపు తీగ ఉండదు, కాబట్టి రెండు నేలలను కలిపిన ఆ ఎర్త్ వలయం తెగిపోయింది. అందుకే స్ట్రీమర్‌కు ఆప్టికల్ అవుట్‌పుట్ ఉందా అని చూడటం బిట్ల సంఖ్య చూడటం కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

స్ట్రీమర్‌లోనే డాక్ ఉంటే దాని తీగను ఆంప్లిఫయర్‌లో ఆక్స్ లేదా సీడీ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. ఫోనో అన్న రంధ్రం గ్రామఫోన్ సూది ఇచ్చే కొన్ని మిల్లీవోల్టుల కోసం చేసినది. అక్కడ 2 వోల్టులు ఇస్తే శబ్దం చీలిపోతుంది.

కొనేముందు దుకాణంలో మరో రెండు పరీక్షలు చేయించుకోవాలి. ఆగకుండా సాగే కచేరీ ఆల్బమ్ పెట్టి, ఒక ట్రాకు నుంచి మరో ట్రాకుకు మారేటప్పుడు సందు వినిపిస్తుందేమో గమనించాలి. తర్వాత రౌటర్‌నూ స్ట్రీమర్‌నూ కలిపి స్విచ్ ఆపి, మళ్లీ వేయమనాలి. కరెంటు వచ్చాక రౌటర్ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది, అంతలోపు స్ట్రీమర్ నెట్‌వర్క్ కోసం వెతికి విసిగి ఊరుకునే రకమైతే, వేసవి సాయంత్రం కరెంటు పోయివచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లి దాని తీగ పీకి పెట్టాల్సి వస్తుంది.