విపత్తు వేళ పబ్లిక్ హెల్త్ నర్సు: అపోహలు – వాస్తవాలు

అపోహ: స్టోరులో పీపీఈ కిట్లు (గ్లౌజులు, గౌను, కళ్లద్దాలు, మాస్కు ఉండే రక్షణ సామగ్రి) నిండుగా ఉంటే మనం సిద్ధంగా ఉన్నట్టే.

వాస్తవం: కిట్టు వేసుకోవడం తేలికే, మురికి ఒంటికి అంటకుండా విప్పడమే కష్టం. ముందు గ్లౌజులు. ఒకదాన్ని మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, లోపలి వైపు పైకి వచ్చేలా లాగి, గ్లౌజు ఉన్న చేతి పిడికిట్లో ఉంచుకోవాలి. ఖాళీ చేతి వేలిని రెండో గ్లౌజు అంచు లోపలికి దూర్చి అలాగే తిరగేయాలి. తర్వాత వెనక పట్టీ పట్టుకుని కళ్లద్దాలు, ఆపైన గౌను. గదిలోంచి బయటికొచ్చి తలుపు వేశాకే ఎన్95 మాస్కు: ముందు కింది పట్టీ, తర్వాత పై పట్టీ, ముందుభాగాన్ని ముట్టుకోకుండా. ఆఖరున చేతులు కడుక్కోవాలి. మధ్యలో చేతికి ఏదైనా అంటినట్టు అనిపిస్తే అక్కడే ఆగి శుభ్రం చేసుకుని ముందుకెళ్లాలి.

షిఫ్టు చివర్లో, ఉక్కపోతకు తాళలేక, మాస్కు ముందే లాగేస్తారు. అందుకే ఒకరు విప్పుతుంటే పక్కన ఇంకొకరు నిలబడి ఒక్కో మెట్టూ పైకి చదవాలి. గ్లౌజులకు రంగునీళ్లు పూసి అభ్యాసం చేయించండి. విప్పాక మణికట్టు మీద, మెడ దగ్గర మిగిలే మచ్చలే ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తాయి. ఏ ఉపన్యాసమూ ఇంత బాగా నేర్పదు.

అపోహ: బ్లీచింగ్ ఎంత ఎక్కువ చల్లితే అంత మంచిది.

వాస్తవం: పనిని బట్టి మోతాదు మారుతుంది. రక్తం, వాంతి పడిన చోటికి 0.5 శాతం క్లోరిన్ ద్రావణం కావాలి. పౌడరులో క్లోరిన్ 30 శాతం ఉంటే లీటరు నీటికి సుమారు 17 గ్రాములు. 5 శాతం ద్రవమైతే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. ముందు మురికిని తుడిచి తీసేయాలి, లేదంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత కనీసం 10 నిమిషాలు నేల తడిగా ఉండాలి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మూత తీసి వదిలేసిన, చెమ్మ తగిలిన పౌడరు సత్తువ కోల్పోతుంది, దానికి పై లెక్క వర్తించదు. యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. మనుషుల మీద మాత్రం ఎప్పుడూ చల్లకండి: కళ్లకూ, చర్మానికీ, ఊపిరితిత్తులకూ హాని తప్ప లాభం లేదు.

తాగునీటి లెక్క పూర్తిగా వేరు. క్లోరిన్ కలిపిన 30 నిమిషాలకు లీటరులో 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉన్నాయో లేదో పరీక్షించాలి. బురద నీరైతే ముందు తేర్చి, వడకట్టాలి.

అపోహ: కరెంటు పోతే టీకాలకు వేడి ఒక్కటే ముప్పు.

వాస్తవం: గడ్డకట్టడం కూడా అంతే ప్రమాదం. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చేది), ధనుర్వాతం టీకాలు ఒక్కసారి గడ్డకడితే, కరిగాక కూడా పనికిరావు. ఉండాల్సింది 2–8 డిగ్రీల మధ్య. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా టీకాలు మోసే క్యారియర్ పెట్టెలో పెట్టడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయటే ఉంచాలి. ఈలోగా ఫ్రిజ్ తలుపు తెరవొద్దు.

అపోహ: శవాల వల్ల అంటువ్యాధులు ప్రబలుతాయి.

వాస్తవం: వరద, భూకంపాల్లో గాయాలతోనో, మునిగో పోయినవారి వల్ల మహమ్మారి రాదు. ఎబోలా, కలరా వంటి వాటితో చనిపోయినప్పుడు మాత్రం ప్రత్యేక జాగ్రత్తలు తప్పవు. మిగతా చోట్ల హడావుడిగా సామూహిక ఖననం చేయించి, కుటుంబాలకు చివరి చూపు లేకుండా చేయకండి.

అపోహ: వరద తీసింది, గండం గడిచింది.

వాస్తవం: కలరా క్రిమి సోకిన కొన్ని గంటల నుంచి 5 రోజుల్లో బయటపడుతుంది. లెప్టోస్పైరోసిస్‌కు (ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం) 30 రోజుల దాకా, హెపటైటిస్ ఎకు 50 రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి నీరు తీశాక కూడా కనీసం రెండు నెలలు రోజువారీ రిజిస్టరు నడవాలి: నీళ్ల విరేచనాలు, దద్దుర్లతో జ్వరం, కామెర్లు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా అనుమానం కలిగిన రోజే పైకి తెలియజేయాలి. కేసులు లేని రోజున గడిలో ‘0’ రాయాలి. ఖాళీగా వదిలేస్తే కేసులు లేవో, ఎవరూ చూడలేదో పైవాళ్లకు తెలియదు.