మన్యం మలేరియా: స్లైడు ఎక్కడ ఆలస్యమైంది?

వానలు పడ్డాయి. మన్యంలో చలిజ్వరాలు మొదలయ్యాయి. దాంతోపాటే పాత తగవూ లేచింది. ఆశా కార్యకర్త చేతిలోని ఆర్‌డీటీ కిట్టు (వేలి రక్తంతో అక్కడికక్కడే చేసే పరీక్ష, గీత పడితే మలేరియా) ఒక్కటే చాలా, లేక పీహెచ్‌సీలో మైక్రోస్కోపు కింద రక్తపు స్లైడు చూసే ల్యాబ్ టెక్నీషియన్ ఉండి తీరాలా? పాడేరు, అరకు, చింతూరు, భద్రాచలం వైపు ఏటా జ్వరాల సీజనులో ఈ మాట వస్తూనే ఉంటుంది. కిట్టే చాలనేవాళ్ల వాదన రెండు ముక్కల్లో తేలిపోతుంది: స్లైడు ఆలస్యం. నిజమే, ఆలస్యమే. అయితే ఆ ఆలస్యం మైక్రోస్కోపు దగ్గర పుట్టలేదు. అది ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే ఇవాళ్టి తగవు సగం విడిపోతుంది.

మలేరియా దోమతో వస్తుందని తేల్చిన రోనాల్డ్ రాస్ సంగతి, దోమల మందు డీడీటీ సంగతి అందరూ చదువుకున్నవే. నేరుగా 1977కి వద్దాం. అంతకు ముందు ఏడాది దేశంలో మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. నిర్మూలన కల చెదిరింది. కేంద్రం 'సవరించిన కార్యాచరణ ప్రణాళిక' తెచ్చింది. చావులు ఆపాలి, జబ్బు తగ్గించాలి, పంటలకూ పరిశ్రమలకూ దెబ్బ తగలకూడదు. అప్పటిదాకా పెద్ద యూనిట్ల దగ్గరే ఉన్న స్లైడు పరీక్షను పీహెచ్‌సీలకు దించింది కూడా ఈ ప్రణాళికే. అది మంచి పని. చిక్కంతా దాని పక్కనే సాగిన ఇంకో ఏర్పాటుతో వచ్చింది.

అప్పటి పద్ధతి ప్రకారం ఆరోగ్య కార్యకర్త 15 రోజులకోసారి ఇల్లిల్లూ తిరగాలి. జ్వరమన్నవాళ్ల వేలు పొడిచి స్లైడు తీయాలి. అక్కడికక్కడే 600 మిల్లీగ్రాముల క్లోరోక్విన్, అంటే నాలుగు మాత్రలు, మింగించాలి. మలేరియానో కాదో ఇంకా తెలియదు. ఉందేమోనన్న అనుమానంతో ఇచ్చే మందు అది. స్లైడు ల్యాబుకు వెళ్లి పాజిటివ్ అని తిరిగొస్తే పూర్తి చికిత్స. ఏడాదిలో జనాభాలో 10 శాతానికి తగ్గకుండా స్లైడులు తీయాలన్నది లెక్క.

మొత్తం మలుపు ఇక్కడే ఉంది. మాత్రలు ముందే పడిపోయాయి కాబట్టి స్లైడు జవాబు పది రోజులు ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేనట్టు కనిపించింది. రోగికి ఏ మందివ్వాలో చెప్పాల్సిన స్లైడు, ఎన్ని తీశారో చెప్పే అంకెగా మిగిలింది. నెలాఖరుకు సంఖ్య నిండితే చాలు. దాని మీద ఏ జాతి పరాన్నజీవి (వైవాక్సా, ప్రాణాంతకమైన ఫాల్సిపారమా) కనబడిందన్నది రిజిస్టరులో ఒక గడి అయింది.

స్లైడులు మోయలేనన్ని వస్తాయని, ఒక్క టెక్నీషియన్ వల్ల కాదని కొందరంటారు. లెక్క వేసి చూడండి. గిరిజన ప్రాంతంలో పీహెచ్‌సీకి జనాభా 20 వేలు అనుకుంటే 10 శాతం అంటే ఏడాదికి 2 వేల స్లైడులు. నెగెటివ్ అని రాసేముందు ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సుతో 100 ఫీల్డులు (లెన్సులో ఒకసారి కనిపించే మేర ఒక ఫీల్డు) చూడాలి. నిదానంగా చూస్తే ఒక స్లైడుకు 6 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఆరు గంటలు కూర్చుంటే 36 నుంచి 60 స్లైడులు. ఏడాది మొత్తం పని 56 రోజులకు మించదు. ముసుర్ల కాలంలో ఒక్కసారిగా పోగుపడే మాట వాస్తవమే. అప్పుడైనా మనిషి ఉంటే నడుస్తుంది. నడవనిది కుర్చీ ఖాళీగా ఉన్నచోట, గూడెం నుంచి స్లైడు పెట్టె కొండ దిగడానికి వారం పట్టే చోట.

ఆ వారంలో స్లైడుకు ఏమవుతుందో ఈ వాదనల్లో ఎవరూ మాట్లాడరు. ఒకే గాజు ముక్క మీద రెండు పూతలు ఉంటాయి. మందపాటి పూత ఒక సెంటీమీటరు వెడల్పున, కింద పేపరు పెడితే అక్షరాలు పోల్చుకునేంత మందంలో ఉండాలి. పలుచని పూతను ఇంకో స్లైడు అంచుతో 45 డిగ్రీల వాలున ఒక్క ఊపులో లాగాలి. చివర నాలుకలా పలుచబడి, కణం మీద కణం ఎక్కని చోటు దొరకాలి. పలుచని పూతను మిథనాల్‌తో బిగిస్తారు. మందపాటిదాన్ని బిగించకూడదు. అందులోని ఎర్రకణాలు నీళ్లలో పగిలి హిమోగ్లోబిన్ బయటికి పోతేనే పరాన్నజీవులు తేటగా కనిపిస్తాయి. వేడికీ ఉక్కకూ నాలుగైదు రోజులు పడి ఉన్న మందపాటి పూత తనంతట తానే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత నానబెట్టినా ఎరుపు వదలదు. లెన్సు కింద అంతా బురదగా ఉంటుంది. ఈలోగా చీమలు, బొద్దింకలు పూతను తినేస్తాయి కూడా. అలాంటి స్లైడు చూసి 'నెగెటివ్' అని రాస్తే తప్పు రాసినవారిదేనా?

రంగు వేయడంలో మన దేశానికి సొంత దారి ఉంది. 1944లో, యుద్ధకాలంలో, మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ కలిసి జేఎస్‌బీ రంగును తయారు చేశారు. నీళ్లతో కలిపేది, చవకైనది. ఇయోసిన్‌లో ఒక్క క్షణం ముంచి తీసి, బఫర్ నీళ్లలో కడిగి, నీలం రంగులో 30, 40 సెకన్లు ఉంచి మళ్లీ కడగడమే. రోజుకు పదుల స్లైడులకు ఇది వరం. జీమ్సా అనే ఇంకో రంగు అయితే 3 శాతం ద్రావణంలో అరగంట నుంచి ముప్పావు గంట ఉంచాలి, అత్యవసరమైతే 10 శాతంలో పది నిమిషాలు. దానికి నీళ్ల పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. నీళ్లు కాస్త ఆమ్లం వైపు జారాయా, వైవాక్స్‌ను పట్టిచ్చే, ఎర్రకణంలోని షఫ్నర్ చుక్కలు మాయమైపోతాయి. పీహెచ్ చూడకుండా నేరుగా బోరు నీళ్లు వాడే చోట రంగు తప్పవచ్చు.

ఆ చుక్కలకు అంత విలువ ఎందుకో లెన్సులోకి చూస్తేనే అర్థమవుతుంది. వైవాక్స్ లేత ఎర్రకణాల్లోకే దూరుతుంది. అందుకే అది ఉన్న కణం పక్కవాటికంటే ఉబ్బి, పాలిపోయి, సన్నటి గులాబీ చుక్కలతో నిండి ఉంటుంది. లోపల పరాన్నజీవి అమీబాలా చేతులు చాపి ఆకారం లేకుండా ఉంటుంది. ఉంగరాల్లాంటి లేత రూపాలు, ఎదిగిన రూపాలు, 12 నుంచి 24 ముక్కలుగా విడిన షైజాంట్లు, అన్నీ ఒకే స్లైడులో దొరుకుతాయి. ఫాల్సిపారం తీరు వేరు. కణం ఉబ్బదు. ఉంగరం వెంట్రుక గీసినట్టు సన్నగా ఉంటుంది, దానికి తరచూ రెండు ఎర్ర చుక్కలు ఉంటాయి. కొన్ని కణం అంచునే అంటుకుని కనిపిస్తాయి, ఒకే కణంలో రెండు మూడు ఉంటాయి. ఎదిగిన రూపాలు మాత్రం వేలి రక్తంలో దాదాపు కనబడవు, ఎందుకంటే అవి మెదడు, మూత్రపిండాల వంటి చోట్ల సన్న రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉంటాయి. ప్రాణం తీసేది ఆ అతుక్కోవడమే. స్లైడంతా ఉంగరాలే ఉండి, ఎక్కడో ఒక అరటిపండు ఆకారపు గామిటోసైట్ (పరాన్నజీవి లైంగిక రూపం) కనబడిందంటే ఇక సందేహం లేదు.

కష్టం వచ్చేది మధ్యలో. జ్వరం మొదలైన రోజున వైవాక్స్ కూడా లేత ఉంగరాలే చూపిస్తుంది. మందపాటి పూతలో ఎర్రకణమే మిగలదు కాబట్టి అది ఉబ్బిందా లేదా అన్న ఆధారమూ పోతుంది. అప్పుడు పలుచని పూత అంచుకు వెళ్లాలి. ఎర్రకణం మీద ప్లేట్‌లెట్ కూర్చుంటే అచ్చం ఉంగరంలా కనిపిస్తుంది. ఫైన్ ఫోకస్ తిప్పి చూస్తే అది కణం పైనే తేలుతుంది. కేంద్రకంలోని ఎర్ర క్రోమాటిన్‌తో పాటు నీలి సైటోప్లాజం కూడా ఉంటేనే పరాన్నజీవి అని రాయాలి. ఒకటే కనబడితే రాయకూడదు.

అనుభవం ఉన్న కన్నూ మోసపోతుంది. మలేషియాలోని సరవాక్‌లో, కపిట్ ప్రాంతంలో, కణానికి అడ్డంగా పట్టీలా ఉన్న రూపాలను చూసి ఎన్నో ఏళ్లు 'మలేరియే' జాతి అని రాశారు. 2004లో వెలువడిన పరిశోధనలో 208 మంది రోగుల రక్తాన్ని పీసీఆర్‌తో (జన్యు పరీక్షతో) పరీక్షిస్తే 120 మందిలో ఉన్నది కోతుల నుంచి వచ్చే నోలెసీ జాతి. 'మలేరియే' ఒక్కరిలోనూ లేదు. స్లైడుకూ హద్దు ఉంది. ఆ హద్దు తెలిసింది కూడా ఈ పట్టీలు మామూలుగా లేవని స్లైడు చూసేవాళ్లకు అనుమానం రావడం వల్లే.

మళ్లీ మన కథకు. 1973లోనే అస్సాంలో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం బయటపడింది. అది విస్తరించేకొద్దీ అనుమానంతో వేసే నాలుగు మాత్రలకు అర్థం లేకుండా పోయింది. ఫాల్సిపారం ఉన్నవారికి క్లోరోక్విన్ వేసి పది రోజులు ఎదురుచూడటమంటే ప్రాణంతో చెలగాటం. ఆర్టిమిసినిన్ కలిసిన మందులు వచ్చాయి. 2010 నాటికి రుజువైన ప్రతి ఫాల్సిపారం కేసుకూ అవే ఇవ్వాలన్నారు. ఖరీదైన మందు, వృథా చేయకూడనిది. ఇవ్వాలంటే అదే రోజు జాతి తెలియాలి. సరిగ్గా స్లైడు అవసరం అత్యంత పెరిగిన ఆ సమయానికి స్లైడు వ్యవస్థ ఆలస్యానికి అలవాటు పడిపోయి ఉంది. ఆ ఖాళీలోకి కిట్టు వచ్చింది.

జాతీయ కార్యక్రమంలో మొదట వాడిన కిట్లు ఫాల్సిపారం ఒక్కదాన్నే పట్టేవి. గీత రాకపోతే స్లైడు పంపాలి. పంపిన స్లైడుకు మళ్లీ అదే పాత గతి. వైవాక్స్ ఉన్నవాళ్లు కిట్టులో నెగెటివ్, స్లైడులో 'ఇంకా రాలేదు'. రెండు జాతులనూ పట్టే కిట్లు 2013 ప్రాంతంలో వచ్చాక ఆ లోటు చాలావరకు తీరింది. దాంతోనే, ఇక స్లైడు ఎందుకన్న మాట కూడా మొదలైంది.

కిట్టుకు దక్కాల్సిన మర్యాద దక్కాలి. కరెంటు అక్కర్లేదు. 5 మైక్రోలీటర్ల రక్తం, కొన్ని చుక్కల బఫర్, 15 నుంచి 20 నిమిషాలు. రోడ్డు లేని గూడెంలో, డోలీలో మోసుకురావాల్సిన మనిషికి ఇంతకంటే మేలైనది లేదు. స్లైడు ఫలితం 24 గంటల్లో రాని చోట కిట్టే వాడమన్న నిబంధన సరైనదే.

అయితే కిట్టు పట్టేది పరాన్నజీవిని కాదు, దాని ప్రొటీన్‌ను. ఫాల్సిపారం గీతకు ఆధారమైన హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్ చికిత్స పూర్తయ్యాక కూడా వారాల తరబడి రక్తంలో ఉంటుంది. మందు వాడిన మూడో వారంలో పిల్లవాడికి మళ్లీ జ్వరం వస్తే గీత మళ్లీ పడుతుంది. అది పాత జబ్బు జాడా, మందు పనిచేయలేదా, కొత్తగా కుట్టిన దోమా అన్నది గీత చెప్పదు. ప్రాణంతో ఉన్న ఉంగరాలు ఉన్నాయో లేవో స్లైడు చెబుతుంది. ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువే లేని ఫాల్సిపారం ఉందని 2010లో పెరూ నుంచి వార్త వచ్చింది. తర్వాత మన పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలోనూ కనబడింది. అలాంటి జీవికి గీత పడదు. దాని వల్ల తప్పిపోయే కేసులు 5 శాతం దాటితే కిట్టు రకమే మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎంత శాతమో తెలియాలంటే కిట్టులో నెగెటివ్, స్లైడులో పాజిటివ్ వచ్చినవాళ్లను పట్టుకోవాలి. స్లైడులే తీయడం మానేస్తే ఆ సంఖ్య ఎన్నటికీ తేలదు.

లెక్క పెట్టడమూ అంతే. తీవ్రమైన ఫాల్సిపారంలో తెల్లకణాలు 200 ఎంచేలోగా ఎన్ని పరాన్నజీవులు కనబడ్డాయో చూసి 40తో గుణిస్తే మైక్రోలీటరుకు ఎన్నో తెలుస్తుంది. తెల్లకణాలు 8 వేలు ఉంటాయన్న అంచనా మీద వేసే లెక్క అది. ఆ సంఖ్య రోజురోజుకూ పడిపోతేనే మందు పనిచేస్తున్నట్టు. కిట్టు గీత చిక్కదనం చూసి ఇది చెప్పలేం.

జాతి తప్పితే పోయేది రిజిస్టరులో గడి కాదు. ఫాల్సిపారం అయితే మూడు రోజుల ఆర్టిసునేట్ కలయిక, రెండో రోజు కిలోకు 0.75 మిల్లీగ్రాముల లెక్కన ఒక్కసారి ప్రైమాక్విన్. వైవాక్స్ అయితే మూడు రోజుల క్లోరోక్విన్, దానిపైన కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ప్రైమాక్విన్. కాలేయంలో నిద్రపోయే రూపాలను చంపేది ఈ 14 రోజుల కోర్సే. అది లేకపోతే నెలల తర్వాత కొత్త దోమ కుట్టకుండానే జ్వరం తిరిగొస్తుంది. రెండూ కలిసి ఉంటే ఫాల్సిపారం మందు, ఆపైన 14 రోజులు. గర్భిణులకు, పసికందులకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఇస్తే ఎర్రకణాలు పగులుతాయి, మూత్రం నల్లబడుతుంది. ఇన్ని తేడాలున్న మందును 'మలేరియా పాజిటివ్' అన్న రెండు మాటల మీద ఇవ్వలేం. రెండో గీత అన్ని జాతులకూ ఉమ్మడిగా ఉన్న కిట్టులో రెండు గీతలూ పడితే అది ఫాల్సిపారం ఒక్కటే కావచ్చు, మిశ్రమమూ కావచ్చు. పలుచని పూత చూసేదాకా తేలదు.

2027కల్లా స్థానికంగా ఒక్క కేసూ పుట్టకూడదన్నది దేశం పెట్టుకున్న గడువు. కేసులు తగ్గేకొద్దీ మైక్రోస్కోపు పని పెరుగుతుంది. రక్తంలో తక్కువ పరాన్నజీవులతో, జ్వరం లేకుండా తిరిగేవాళ్లే అప్పుడు మిగులుతారు. కిట్టు సాధారణంగా మైక్రోలీటరుకు 100, 200 ఉంటేనే గట్టిగా చెబుతుంది. సాధన ఉన్న కన్ను 50కీ పట్టగలదు. ఆ సాధన నెలకు రెండు పాజిటివ్‌లు చూస్తే నిలవదు. రెండేళ్లు స్లైడు ముట్టని టెక్నీషియన్‌కు ప్లేట్‌లెట్టే ఉంగరమవుతుంది. స్లైడులను పై ల్యాబులో తిరగచూసే పద్ధతి, ఏటా తెలిసిన స్లైడులతో కళ్లు పదును పెట్టుకునే శిక్షణ, లెన్సుకు బూజు పట్టకుండా మైక్రోస్కోపు పెట్టెలో సిలికా జెల్, సీజను మొదలవకముందే భర్తీ చేసిన ఖాళీలు: మన్యం పీహెచ్‌సీల నుంచి టెక్నీషియన్లు అడుగుతున్నవి ఇవే. కిట్లు తీసేయమని వాళ్లు అడగడం లేదు. గూడెంలో గీత పడిన ప్రతివారి నుంచీ, గీత పడకపోయినా జ్వరం దిగనివారి నుంచీ ఒక స్లైడు తీసి, అది బిగుసుకుపోకముందే, ఆ రోజో మర్నాడో తమ బల్ల మీదికి చేర్చమంటున్నారు.