అటక మీది విమానం

అనంతపురం,
2024 జూన్ 16, ఆదివారం

చిరంజీవులు పెద్దోడికి, చిట్టికి తాత ఆశీస్సులు.

మీరు బెంగళూరు బస్సెక్కి వారమైంది. అటక మీద ఊరగాయ జాడీల వెనక నుంచి మీరు దించిన విమానం ఇంకా వరండాలో బల్ల మీదే ఉంది. "దీన్నెప్పుడు పైన పెడతావు" అని అవ్వ రోజూ అడుగుతోంది. పెట్టడానికి మనసొప్పక ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను.

ఆ రోజు చిట్టి అడిగింది, "తాతా, విమానానికి తాళ్ళెందుకు? ఇది గాలిపటమా?" అని. పెద్దోడు మాత్రం "అప్పట్లో రిమోట్లు లేవు కదా, అందుకు" అని తేల్చేశాడు. ఇద్దరూ తప్పే. బస్సుకు టైమవుతోందని అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, వినండి.

ముందు పెద్దోడి సంగతి. నా చిన్నప్పటికే రేడియోతో నడిచే బొమ్మ విమానాలు ఉన్నాయి, కాకపోతే మా బోటివాళ్ళకు అందే ధర కాదు. కానీ తాళ్ళ విమానం పేదవాడి రిమోట్ విమానం అనుకోవద్దు. ఇది వేరే ఆట. దీని పేరు కంట్రోల్ లైన్. ఇప్పటికీ దీనికి ప్రపంచ పోటీలు జరుగుతాయి. వాటిల్లో వేగానికి ఒకటి, విన్యాసాలకు ఒకటి, జట్టు పందేనికి ఒకటి, యుద్ధానికి ఒకటి ఉన్నాయి. యుద్ధమంటే ఒక్కో విమానం తోకకు కాగితపు రిబ్బను కట్టి, ఎదుటివాడి రిబ్బనును మన ప్రొపెల్లరుతో కోయడం. సంక్రాంతికి మీరు మిద్దె మీద చేసేదే, కాకపోతే ఇద్దరూ ఒకే వలయం మధ్యలో భుజాలు రాసుకుంటూ చేస్తారు. జట్టు పందెంలో తాడు పొడవు 15.92 మీటర్లు. ఆ అంకె ఎందుకో పెద్దోడు లెక్క కట్టి చూడాలి. ఒక చుట్టు సరిగ్గా 100 మీటర్లు వస్తుంది.

ఇక చిట్టి ప్రశ్న. గాలిపటాన్ని గాలి లాగుతుంది, దీన్ని దీని వేగమే లాగుతుంది. మా తాత జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాడు, పిట్టలు తోలడానికి. తిప్పినంతసేపూ లోపలి రాయి చేతిని బయటికి గుంజుతూనే ఉండేది. ఈ విమానం అచ్చంగా ఆ రాయే, కాకపోతే దీనికి ఇంజను ఉంది, రెక్కలున్నాయి, మాట వినే తోక ఉంది. మన విమానం బరువు 350 గ్రాములు. తీగలు 12 మీటర్లు. చుట్టుకు నాలుగున్నర సెకన్లు పట్టేది, అంటే గంటకు 60 కిలోమీటర్ల వేగం. ఆ లెక్కన అది నా చేతిని 800 గ్రాముల బరువుతో లాగినట్టు. తన బరువుకు రెండింతల కంటే ఎక్కువ! వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది.

ఈ లాగుడే మొత్తం ఆట. తీగ బిగువుగా ఉన్నంతవరకే విమానం మన మాట వింటుంది. సడలిందా, అది మనది కాదు.

ఎందుకో చెబుతాను. రెక్క మధ్యలో అగ్గిపెట్టెంత అల్యూమినియం ముక్క ఒకటి ఉంది చూశారు కదా, దాన్ని బెల్‌క్రాంకు అంటారు. పడుకోబెట్టిన తక్కెడ అనుకోండి. తక్కెడకు రెండు వైపులా గొలుసులున్నట్టు దీనికి రెండు తీగలు. అవి ఎడమ రెక్క చివర నుంచి బయటికొచ్చి మన చేతిలోని పిడికి చేరతాయి. తక్కెడ మూడో కొమ్ము నుంచి ఒక ఊచ తోక దాకా వెళ్ళి అక్కడి మడత పలకను, అంటే ఎలివేటరును, పైకీ కిందికీ ఆడిస్తుంది. పిడి పైభాగాన్ని మన వైపుకు వంచితే పై తీగ గుంజుకుంటుంది, కిందిది వదులిస్తుంది, తక్కెడ తిరుగుతుంది, ఎలివేటరు లేస్తుంది, విమానం పైకి పోతుంది. అంతే. కుడి ఎడమలు లేవు, వేగం తగ్గించడం లేదు, ఆపడం లేదు. నూనె అయిపోయినప్పుడే ఇంజను ఆగేది.

ఈ ఏర్పాటును అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన జిమ్ వాకర్ 'ఫైర్‌బాల్' అనే విమానంతో ఊరూరా తెలిసేట్టు చేశాడు. 1942లో పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ రాష్ట్రంలోనే ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన అంతకు ముందే ఇలాంటిది ఎగరేశాడని తర్వాత కోర్టులో తేలి, ఆ పేటెంటు నిలవలేదు. ఎవరి ఘనత ఎవరికి పోతుందో, ఎవరి తప్పు ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఈ మాట ఎందుకన్నానో చివర్లో చెబుతాను.

నేను దీన్ని మొదట చూసింది బెంగళూరులోనే. మా మేనమామ కొడుకు అక్కడ కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉండేవాడు. వాళ్ళకు బొమ్మ విమానాలు చేయడం, ఎగరేయడం శిక్షణలో భాగం. 1978 ఎండాకాలంలో వెళ్ళి చూశాను. తిరిగొచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

మేం నలుగురం. ఒకడి నాయనకు గడియారాల రిపేరు అంగడి. ఒకడు దర్జీ కొడుకు. ఒకడిది గానుగ ఇల్లు. నేను బడిపంతులు కొడుకును. నా దగ్గరున్నవి లెక్కలూ, నోరూ. డిజైను మాత్రం నాదే అని ఊరంతా చెప్పుకునేవాణ్ణి.

డిజైను అంటే అందంగా బొమ్మ గీయడం అనుకున్నాను. కాదు. అటక మీది విమానంలో వంకరగా కనిపించేవన్నీ తీగ సడలకుండా చేసినవే. ఇంజను నేరుగా ముందుకు చూడదు, వలయం బయటి వైపుకు కొంచెం తిరిగి ఉంటుంది. నిలువు తోక కూడా అటే ఒరిగి ఉంటుంది. రెండూ కలిసి విమానాన్ని బయటికి నెడుతుంటాయి. కుడి రెక్క చివర ఒక సీసపు ముక్క దాచి ఉంది. ఎడమ రెక్క మోస్తున్న తీగల బరువుకు అది సరి. తీగలు బయటికొచ్చే చోటు విమానం బరువు నిలిచే బిందువుకు కాస్త వెనకగా ఉంటుంది, దానివల్ల ముక్కు ఎప్పుడూ కొంచెం బయటికే చూస్తుంది. చిట్టి "వంకర ముక్కు విమానం" అని నవ్వింది చూడు, ఆ వంకర లేకపోతే అది నా నెత్తిన పడేది.

నూనె డబ్బా సంగతి ఇంకా తమాషా. మలుపులో బస్సు తిరిగితే మనం బయటి వైపుకు ఒరుగుతాం కదా. ఈ విమానానికి బతుకంతా మలుపే. డబ్బాలోని నూనె ఎప్పుడూ బయటి గోడకు అతుక్కుని ఉంటుంది. కాబట్టి ఇంజనుకు పోయే గొట్టం డబ్బా అడుగున కాదు, బయటి వైపు వెనక మూలన పెట్టాలి. మేం మొదట అడుగున పెట్టాం. నేల మీద బ్రహ్మాండంగా తిరిగిన ఇంజను గాల్లో రెండు చుట్లకే ఆగిపోయేది. ఎందుకో తెలుసుకోవడానికి మాకు నెల పట్టింది. కనిపెట్టినవాడు గానుగవాడు, నేను కాదు.

సామాన్ల విషయానికొస్తే, పుస్తకాల్లో బాల్సా కట్టె అని ఉంటుంది. అది ఎక్కువగా ఈక్వెడార్ దేశం నుంచి వస్తుంది. క్యూబిక్ మీటరు సుమారు 160 కిలోలు తూగుతుంది, అదే మన టేకు అయితే 600 దాటుతుంది. బెంగళూరు నుంచి తెప్పించుకున్న నాలుగు పలకలను బంగారంలా వాడుకున్నాం. మిగతాదంతా అనంతపురమే. ఊచ సైకిలు స్పోకు. చక్రాలు అరిగిన హవాయి చెప్పుల్లోంచి కోసినవి. రెక్క మీది కాగితం గాలిపటాలది, దర్జీ కొడుకు ముడత పడకుండా అంటించి వార్నిషు లాంటి లాకరు పూశాడు. బెల్‌క్రాంకు, కీళ్ళు గడియారాలవాడి పని. వెంట్రుకంత వదులున్నా ఒప్పుకునేవాడు కాదు. తీగలకు గాలం దారం వాడదామన్నాను, చవక అని. అది సాగుతుంది, మనం పిడి వంచాక ఒక క్షణం ఆగి తోక కదులుతుంది. ఆ క్షణంలో పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పేనిన సన్నని ఉక్కు తీగే కావాలి.

ఇంజను 1.5 సీసీ డీజిల్. పేరుకే డీజిల్, బంకులో దొరికేది దీనికి పనికిరాదు. ఈథర్, కిరసనాయిలు, ఆముదం దాదాపు సమపాళ్ళలో కలపాలి. ఆముదం, కిరసనాయిలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు, ఈథర్ మధ్యవర్తిత్వం చేస్తుంది. స్పార్కు ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. లోపల గాలిని నొక్కిన వేడికే అంటుకుంటుంది. మన గానుగ ఆముదంతో విమానం ఎగురుతుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నిజానికి మొదటి ప్రపంచ యుద్ధంలో అసలు విమానాల ఇంజన్లకే ఆముదం పోసేవాళ్ళు. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఇంగ్లీషులో ఆముదానికున్న పేరు నుంచి వచ్చిందే. కాలిన ఆముదం వాసన నా చొక్కాలను వదిలేది కాదు. పెళ్ళైన కొత్తలో అవ్వ ఏమందో మీరే అడగండి, నేను రాయను.

ఎగరేసింది ఊరి బయట చెనక్కాయ చేలో, పంట పెరికేశాక. మన ఊరి గాలి మీకు తెలుసు కదా, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో ఈ విమానం తీయడం దండగ. మాఘ ఫాల్గుణాల్లో, తెల్లవారి ఆరింటికి, గాలి ఇంకా లేవకముందు. గాలి ఉంటే వీపుకు గాలి తగిలేలా నిలబడి, మన ముందుకు వచ్చినప్పుడే పల్టీలు కొట్టించాలి. అక్కడ గాలి కూడా విమానాన్ని బయటికే నెడుతుంది, తీగ బిగుసుకుంటుంది. ఎదురుగాలి వైపు అది మన మీదికే నెడుతుంది. అక్కడ సడలితే చేయగలిగింది ఒక్కటే, గబగబా వెనక్కి అడుగులేయడం.

తల తిరగదా అని అడిగారు. తిరుగుతుంది. విమానాన్నే చూడాలి, వెనక పరిగెత్తే చెట్లనూ గట్లనూ చూడకూడదు. చేను గట్టు మీద కూర్చున్న ముసలాయన ఒకడు "ఏమప్పా, గానుగెద్దు మాదిరి ఒకే తావున తిరగతాండావు, నూనేమన్నా వస్తాందా?" అన్నాడు. గానుగవాడు పడీ పడీ నవ్వాడు.

ఇక ఆ రోజు. డిసెంబరు. మొదటిసారి నేనే ఎగరేస్తానని పట్టుబట్టాను. ఒక్కడే ఆడే ఆట కాదిది. ఒకడు మధ్యలో పిడి పట్టుకోవాలి, ఒకడు విమానాన్ని పట్టుకుని ఇంజను సర్దాక వదలాలి. గడియారాలవాడు పట్టుకున్నాడు. నేను చెయ్యి ఊపాను, వాడు వదిలాడు. మూడు గజాలు పరిగెత్తింది, లేచింది. నేను సంబరంగా పిడిని కొంచెం వెనక్కి వంచాను. విమానం ముక్కు కిందికి తిప్పుకుని ఎర్రమట్టిలో దిగబడింది. ఆరు నెలల పని, లెక్కపెట్టడానికి కూడా టైం లేదు.

వాడు పరిగెత్తి వెళ్ళి ముక్కలేరాడు. బెల్‌క్రాంకు చేత్తో తిప్పి చూసి, "ఇది పట్టేసినట్టుంది రా, నాదే తప్పు" అన్నాడు.

నేను పిడి చుట్టే వంకతో కూర్చుని తీగలు చూశాను. పై తీగను కింది కొక్కేనికి, కింది తీగను పై కొక్కేనికి తగిలించింది నేను. పైకి అంటే కిందికి పోయింది. ఎగరేసే ముందు పిడి వంచి తోక ఎటు లేస్తోందో చూడటం అరనిమిషం పని. బెంగళూరులో నాకు నేర్పిన మొట్టమొదటి పాఠం అదే. మీరు ఎగరేసేటప్పుడు అది చేయకుండా ఇంజను జోలికి వెళ్ళారో, నేను ఊరుకోను.

తీగలు మార్చి తగిలించేశాను. ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు, మర్నాడు అనలేదు, తర్వాత అనడానికి సిగ్గేసింది. వాడు పండుగ వరకు రాత్రుళ్ళు అంగట్లో కూర్చుని కొత్త బెల్‌క్రాంకు ఆకురాయితో అరగదీశాడు. ఆ రెండో విమానమే మీరు దించింది. అది మాలో ప్రతి ఒక్కరి చేతుల్లోనూ ఎగిరింది.

దసరాకు వస్తే మీకు కొత్తది కడదాం. ఈథరూ గీథరూ వద్దు, మీ నాయన ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. కరెంటు మోటారు, టైమరు పెడదాం. టైమరు ఆగితే మోటారు ఆగుతుంది. పిడికి తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవాలి. ఎగరేసే ముందు తీగలను విమానం బరువుకు పదింతల బలంతో లాగి చూడాలి. కరెంటు తీగలు కనుచూపు మేరలో ఉంటే ఆ చేనికే పోవద్దు. మన చేతిలోది ఉక్కు తీగ అని మరవకూడదు. పెద్దోడా, నీ క్లాసులో ఆకురాయి పట్టే ఓపికున్నవాడు ఎవడైనా ఉంటే వాణ్ణీ తీసుకురా.

ఈ ఉత్తరం ఇంకో కాపీ రాసి పాతూరులోని గడియారాల అంగడికి పంపుతున్నాను. దాంతోపాటు గుడ్డలో చుట్టి దాదాపు 46 ఏళ్ళుగా నా బీరువాలో ఉన్న మొదటి బెల్‌క్రాంకు కూడా. నిన్న వేలితో తిప్పి చూశాను. ఎక్కడా పట్టడం లేదు.

మీ తాత