మన్యం బడుల్లో గణిత, సైన్సు ఉపాధ్యాయ నాయకత్వం: అపోహలు - వాస్తవాలు

పాడేరు ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల గణిత, సైన్సు ఉపాధ్యాయులతో పనిచేసే నన్ను స్కూల్ కాంప్లెక్స్ (ఇరుగుపొరుగు బడుల సముదాయం) సమావేశాల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మా లెక్కల మాస్టారు చాలా బాగా చెబుతారు, ఆయనను రిసోర్స్ పర్సన్‌గా ఎప్పుడు వేస్తారు?" రిసోర్స్ పర్సన్ అంటే తోటి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చేవారు.

అపోహ: బాగా బోధించే ఉపాధ్యాయుడు తరగతి గది వదిలి వచ్చినప్పుడే నాయకుడవుతాడు.

వాస్తవం: మన్యం బడులకు ఇంత నష్టం చేసిన నమ్మకం మరొకటి లేదు. మైదాన ప్రాంతపు పెద్ద ఉన్నత పాఠశాలలో గణిత ఉపాధ్యాయుడు డిప్యుటేషన్ మీద వెళితే ఆ పీరియడ్లు పంచుకోవడానికి మరొకరుంటారు. కొండమీది బడిలో ఆ సబ్జెక్టుకు తరచుగా ఒక్కరే ఉంటారు కనుక, వారు వెళ్ళిన మరునాటి నుంచి పదో తరగతి పిల్లలకు గైడే దిక్కవుతుంది. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయినిని ఇలాగే "పైకి" తీసుకువెళ్ళి, చివరకు నివేదికల పట్టికలు నింపే పనిలో కూర్చోబెట్టారు.

ఇరుగుపొరుగు బడులను కలిపి, ఉపాధ్యాయులు ఒకరికొకరు తోడ్పడాలన్న ఆలోచనను కొఠారీ కమిషన్ (1964-66) ఏనాడో చెప్పింది. ఆచరణలో అది ఎలా ఉంటుందో నేను చూసిన ఒక ఐదో తరగతి పాఠం చెబుతాను. ఉపాధ్యాయిని ధాన్యం కొలిచే కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల వరుసగా బల్లమీద పెట్టి, ప్రతి కొలత దాని ముందుదానిలో సగమని పిల్లల చేతనే రాగులు పోయించి చూపించిన తరువాత, సోల కుంచంలో ఎన్నో వంతని అడిగారు. వరుసలో అది ఐదోది కాబట్టి "ఐదో వంతు" అన్నాడు ఒక పిల్లవాడు. ఆమె సరిదిద్దలేదు. పక్కనున్న అమ్మాయి కువి భాషలో వాడికేదో చెప్పింది. వాడు సోలతో కుంచాన్ని నింపుతూ పదహారు వరకు లెక్కపెట్టి, నవ్వేశాడు. వెనుక కూర్చున్న పొరుగు బడుల ఉపాధ్యాయులు ఆమె ఏం చేసిందన్నది కాక, పిల్లలు ఏమన్నారన్నది రాసుకున్నారు. తరువాతి చర్చంతా ఆ "ఐదో వంతు" చుట్టూనే తిరిగింది. వారిలో ఒకరు అదే పాఠాన్ని కొలతల వరుస మార్చి తన బడిలో చెప్పి, మిగిలినవారిని పిలిచారు. నాయకత్వమంటే ఇదే, ఇందుకోసం ఎవరూ తమ పిల్లలను వదిలి వెళ్ళలేదు.

"నేనూ ఆశ్రమ పాఠశాలలోనే చదివాను, సీనియర్లకు నేనేం చెప్పగలను?" అని యువ గిరిజన ఉపాధ్యాయులు బెంగపడుతుంటారు. ఆ బెంగ నాకు అర్థమవుతుంది గానీ, ఆ అమ్మాయి కువిలో ఏం చెప్పిందో విని అందుకోగలిగేది వారే. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయడానికి 1943లోనే ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయి గ్రామంలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో శిక్షణ కేంద్రం వెలిసిందని వారికి గుర్తుచేస్తుంటాను.

ల్యాబ్ లేనిదే సైన్సులో ఏమీ చేయలేమన్నది మరో మాట. పరికరాల కొరత నిజమే, అవి అడగవలసిందే. కానీ పొద్దున తియ్యగా ఉన్న జీలుగు కల్లు సాయంత్రానికి పులుస్తుందని ఎరిగిన పిల్లలకు ఈస్ట్ గురించి చెప్పడానికి ల్యాబ్ కోసం ఆగనక్కరలేదు. బడిలో కల్లు మాటేమిటని జంకేవారు దోసెల పిండి తెచ్చుకోవచ్చు.

ఏడాదికి 50 గంటల శిక్షణ ముగిస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. 2020 జాతీయ విద్యా విధానం కనీసం 50 గంటలన్నది ఉపాధ్యాయుల సొంత ఆసక్తిని బట్టి సాగే వృత్తి వికాసానికే తప్ప, ధ్రువపత్రాల లెక్కకు కాదు. ఇక నమూనా పాఠం తడబడితే ఇంక్రిమెంటు ఆగుతుందన్న వాట్సాప్ పుకారును దయచేసి మరొకరికి పంపకండి. అలా ఆగిన ఇంక్రిమెంటును నేనింతవరకు చూడలేదు.

ప్రధానోపాధ్యాయులను కోరేది ఒక్కటే: కాంప్లెక్స్ సమావేశం రోజున సర్క్యులర్లు చదవడం మధ్యాహ్నానికి పెట్టుకొని, ఉదయం మొదటి రెండు పీరియడ్లు పిల్లలున్న తరగతిలో నిజమైన పాఠం చూడడానికి కేటాయించండి.