వారానికోసారి స్టార్ట్ చేస్తే చాలా? చలికాలం గరాజ్‌లో పెట్టే కార్ల గురించి అపోహలు - వాస్తవాలు

అక్టోబర్ నెలాఖరు నుంచి మా కార్ల రిపేరు షాపుకు ఒకటే ఫోన్లు. "అన్నా, బండిని గరాజ్‌లో పెట్టేస్తున్నా. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే చాలు కదా?" మిషిగన్‌లో డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై అయినా, ఫార్మింగ్టన్ హిల్స్ అయినా, ట్రాయ్ అయినా మనవాళ్లు అడిగేది ఇదే. వాళ్లలో చాలామంది కార్ల కంపెనీల్లోనే ఇంజనీర్లు, అది వేరే సంగతి. మస్టాంగ్ జీటీనో, కార్వెట్టో, బీఎండబ్ల్యూ ఎం3నో ఎన్నాళ్లో ఆశపడి కొనుక్కుని ఉంటారు. మంచు మొదలైతే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బండికి తుప్పు పట్టిస్తుంది, ఇక ఏప్రిల్ దాకా ఆ బండి బయటికి రాదు. భయం ఉండటం సహజమే. ఆ భయానికి వాట్సాప్ గ్రూపులు చెప్పే మందే తప్పు.

అపోహ: వారానికోసారి పది నిమిషాలు ఐడిలింగ్‌లో (బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తూ) ఉంచితే ఇంజన్, బ్యాటరీ రెండూ బాగుంటాయి.

వాస్తవం: సరిగ్గా సిద్ధం చేసిన బండిని ఐదు నెలలు ముట్టుకోకపోతే ఏమీ కాదు. వారం వారం పది నిమిషాలు స్టార్ట్ చేస్తేనే పాడవుతుంది.

పెట్రోలు మండితే నీళ్లు పుడతాయి. లీటరు పెట్రోలుకు ఇంచుమించు లీటరు నీళ్లు, ఆవిరి రూపంలో. హైవే మీద ఇంజన్ బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఆ ఆవిరి సైలెన్సర్ దారిన పోతుంది. పిస్టన్ రింగులు దాటి కిందికి దిగిన కాస్తా ఆయిల్ వేడికి ఎగిరిపోతుంది. అదే జనవరిలో, 15 డిగ్రీల ఫారెన్‌హీట్ (మైనస్ 9 సెల్సియస్) చలిలో ఉన్న గరాజ్‌లో పది నిమిషాలు ఐడిలింగ్ చేస్తే ఆవిరి చల్లటి లోహానికి తగిలి నీరై అక్కడే నిలుస్తుంది. సైలెన్సర్‌లో, వాల్వ్ కవర్ లోపల, ఆయిల్లో. పైగా చల్లటి ఇంజన్‌కు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మండకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడుగుతూ కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఇది మరీ ఎక్కువ.

"టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చేదాకా ఉంచుతున్నా కదా" అంటారు. ఆ ముల్లు చూపించేది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి. ఆయిల్ దాని వెనకాల నింపాదిగా వేడెక్కుతుంది. దానికి ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా రోడ్డు మీద నడపాలి, నిలబెట్టి తిప్పితే సరిపోదు.

బ్యాటరీకైనా మేలు జరుగుతుందా అంటే అదీ లేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన కరెంటు తిరిగి చేరాలంటే, చలికి బిగుసుకున్న బ్యాటరీ ఛార్జింగ్‌ను అంత త్వరగా తీసుకోదు. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించేది) ఇచ్చే కొంచెం కూడా హీటర్ ఫ్యాను, లైట్లు, సీటు హీటర్లు తినేస్తాయి. వారం వారం కొంత కొంత తగ్గుతూ ఫిబ్రవరికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

ఇంకొకటి, ఇది బండి సంగతి కాదు, మీ ఇంట్లోవాళ్ల సంగతి. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు ఎత్తి ఉంచినా సరే, చెయ్యొద్దు.

పోయిన ఏప్రిల్లో గుంటూరు అబ్బాయి ఒకడు మస్టాంగ్‌ను టో ట్రక్కు మీద తెచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "ప్రతి ఆదివారం క్రమం తప్పకుండా స్టార్ట్ చేశానన్నా, అయినా ఇలా అయింది" అన్నాడు. అయినా కాదు తమ్ముడూ, అందుకే. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల లేత కాఫీ రంగులో మీగడలా కట్టి ఉంది. వేరే చోట ఎవరో అది చూసి హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ ఆయిల్లో కలవకుండా ఆపే సీలు) పోయింది, ఇంజన్ విప్పాలి, వేల డాలర్లు అవుతుందని చెప్పారట. ఆ రాత్రి నిద్రపోలేదన్నాడు. కూలెంట్ చూశాం, చుక్క తగ్గలేదు. ప్రెషర్ టెస్ట్ పెట్టాం, నిలబడింది. ఆ మీగడ ఆదివారాల తేమ ఆయిల్‌తో కలిసి చిలికినది, అంతే. ఆయిల్, ఫిల్టర్ మార్చి, తడిసిన ప్లగ్గులు తీసి, కొత్త బ్యాటరీ వేసి ఐ-96 హైవే మీద చాలాసేపు నడిపాక మూత శుభ్రంగా ఉంది. మూత కింద మీగడ కనిపించగానే గ్యాస్కెట్ అనేవాళ్లను నమ్మకండి. ముందు కూలెంట్ తగ్గిందో లేదో చూడమనండి.

వాడు అక్కడి నుంచే వాళ్ల నాన్నగారికి వీడియో కాల్ చేశాడు. ఆదివారం సలహా ఆయనదేనని అప్పుడు తెలిసింది. పెద్దాయనను తప్పుబట్టలేం. నేను పని నేర్చుకున్న విజయవాడ ఆటోనగర్‌లో మేమూ అదే చెప్పేవాళ్లం. అంబాసిడర్, పాత మారుతి 800లకు కార్బ్యురేటర్లు. కదలకుండా ఉంటే అందులోని పెట్రోలు ఆరిపోయి జిగురు కట్టేది, కాబట్టి అప్పుడప్పుడూ స్టార్ట్ చెయ్యమనేవాళ్లం. బెజవాడ ఎండలో తేమ గడ్డకట్టే బాధ ఎటూ లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఆ సలహా మళ్లీ ఫోన్లలో తిరిగింది, అక్కడి నుంచి మిషిగన్ దాకా వచ్చింది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లకు, ఇక్కడి చలికి అది పనికిరాదు.

అపోహ: బ్యాటరీ కొత్తది, ఐదు నెలలు ఆగుతుంది.

వాస్తవం: తాళం వేసి ఉన్నా అలారం, కంప్యూటర్లు కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే అనుకుంటాం. ఆ లెక్కన నెలకు 36 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెల తిరిగేసరికి సగం ఖాళీ. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ మైనస్ 50 సెల్సియస్‌లోనూ గడ్డకట్టదు, అడుగంటిన బ్యాటరీ మాత్రం మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు.

కావాల్సింది బ్యాటరీ మెయింటైనర్, అంటే బండి ఆగి ఉన్నన్నాళ్లూ గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీని నిండుగా ఉంచే చిన్న ఛార్జర్. నిండగానే తనే తగ్గించుకునే రకం కొనండి. ఆగకుండా ఎక్కిస్తూనే ఉండే పాతకాలపు ట్రికిల్ ఛార్జర్ వద్దు. మీ బండిలో ఏజీఎం (ఒలకని రకం లెడ్ యాసిడ్) బ్యాటరీయా, లిథియమా చూసుకుని దానికి సరిపడేదే పెట్టండి. రేస్ ట్రాక్ కోసం తయారైన కొన్ని బండ్లలో లిథియం వస్తుంది, దానికి మామూలు ఛార్జర్ తగిలించకూడదు. కీలెస్ తాళాన్ని గరాజ్ గోడకు తగిలించకుండా ఇంట్లో దూరంగా ఉంచండి, దగ్గరుంటే కొన్ని బండ్లు పదే పదే మేలుకుంటాయి. పోర్షా 911 వాళ్లకు ఇంకో తలనొప్పి. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. ఫ్యూజ్ బాక్సులో దానికోసమే బయటికి లాగే టెర్మినల్ ఉంటుంది, టో ట్రక్కును పిలిచే ముందు మాన్యువల్ చూడండి.

అపోహ: టైర్లకు ఫ్లాట్ స్పాట్ (ఒకేచోట నిలిచి నేలకు ఆనిన భాగం చదునైపోవడం) ఒక్కటే భయం.

వాస్తవం: పెర్ఫార్మెన్స్ బండ్లకు వచ్చే, వేడి వాతావరణం కోసమే చేసిన సమ్మర్ టైర్లకు అసలు శత్రువు చలి. ఆ రబ్బరు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (మైనస్ 7 సెల్సియస్) కిందికి వెళ్తే గాజులా పెళుసెక్కుతుంది, ఆ స్థితిలో బండిని కదిపితే చీలికలు రావచ్చు. టైరు కంపెనీలూ చెబుతున్నాయి, కార్వెట్ మాన్యువల్లోనూ రాసి ఉంది: అంత చలి తగిలితే కనీసం 40 ఫారెన్‌హీట్ ఉన్న చోట 24 గంటలు ఉంచాకే కదిలించాలి. జనవరిలో మంచు పార తీసుకోవడానికని బండిని నాలుగడుగులు వెనక్కి జరిపేవాళ్లకు ఇదంతా తెలియదు. హీటర్ గాలి నేరుగా టైర్ల మీదికి కొట్టించడం కూడా వద్దు. గరాజ్‌లో వేడి లేకపోతే చక్రాలు విప్పి బేస్‌మెంట్‌లో పెట్టుకోండి, బండిని సస్పెన్షన్ ఆర్మ్‌ల (చక్రాన్ని బండికి కలిపే కడ్డీలు) కింద స్టాండ్లు పెట్టి నిలపండి. చక్రాలు విప్పకపోతే మామూలు కంటే కొంచెం ఎక్కువ గాలి, 40 పీఎస్ఐ పైన కొట్టి ఉంచండి. టైరు మీద రాసిన గరిష్ఠం దాటకూడదు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ఆయిల్ వసంతంలో మారుస్తానంటారు. కాదు, పెట్టే ముందే మార్చాలి. వాడిన ఆయిల్లోని ఆమ్లాలు, తేమ బేరింగుల పక్కన ఐదు నెలలు ఎందుకు కూర్చోవాలి? ట్యాంక్ ఖాళీగా పెట్టొద్దు. ప్రీమియం పెట్రోలు నింపి, అది పాడవకుండా ఉంచే స్టేబిలైజర్ మందు కలిపి, అది ఇంజెక్టర్ల దాకా చేరేలా కాసేపు నడిపి తెచ్చి పెట్టండి. కడిగాక కూడా అంతే, బ్రేకులు ఆరేలా ఓ చుట్టు తిప్పిరండి.

హ్యాండ్ బ్రేక్ వేయకండి, ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి. చక్రాలకు చెక్క అడ్డం పెట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమట పడుతుంది, గాలాడే కవర్ కొనండి. ఎలుకలకు నాఫ్తలీన్ గోళీలు వద్దు, ఆ వాసన ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ (ఇక్కడి పాత కార్ల ఊరేగింపు) దాకా మీతోనే ఉంటుంది. అవి దూరకుండా సైలెన్సర్ గొట్టంలో, గాలి తీసుకునే దారిలో స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) కూరి, "తీశాకే స్టార్ట్" అని చీటీ రాసి స్టీరింగ్‌కు అంటించండి.

ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు ఒక్క మాట, గట్టిగా. చాలా ట్రాక్‌లు గ్లైకాల్ (యాంటీఫ్రీజ్‌లో ఉండేది) ఒప్పుకోవని వేసవిలో రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోస్తారు. నవంబర్‌కు ముందే అది తీసేసి నీళ్లలో యాంటీఫ్రీజ్ సగానికి సగం కలిపి పోయండి. గడ్డకట్టిన నీళ్లు బ్లాక్‌ను పగలగొడితే అది మా షాపులో బాగయ్యే పని కాదు.

మార్చిలో ఒక్కరోజు ఎండ కాయగానే చాలామంది ఆగలేరు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగుల పైచిలుకు లోతున ఉప్పు గని ఉంది, అందులో తవ్వింది ఇక్కడి రోడ్ల మీదికే వస్తుంది. మంచి వానలు నాలుగైదు పడి రోడ్లు కడిగేదాకా ఆగండి. స్టోరేజ్ ఇన్సూరెన్స్ (బండి గరాజ్‌లో ఉన్నన్నాళ్లకే తీసుకునేది)లోకి మారినవాళ్లయితే వీధి చివరిదాకా కూడా తీయకూడదు, అందులో రోడ్డు మీద నడిపేందుకు కవరేజ్ ఉండదు. పూర్తి కవరేజ్ మళ్లీ మొదలైందని ఏజెంట్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చాక స్టీల్ ఊల్ తీసి, టైర్లలో గాలి మామూలుకు దించి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.